రగ్బీ పుట్టుక కథ: కళ్లారా చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

చెన్నై తెలుగువాళ్లు › ఆటలు, పాత సంగతులు

బురద_జెర్సీ
శనివారం, రాత్రి 10:12

ఇక్కడ క్రికెట్ కాని ఆట గురించి థ్రెడ్ పెడితే మూడు రిప్లైలు దాటవని తెలుసు. అయినా పెడుతున్నా. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బరం తగ్గేలా లేదు.

నాది ఒంగోలు, ఓఎంఆర్‌లో ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా శని, ఆదివారాల్లో రగ్బీ ఆడుతున్నా. పెద్ద లెవెల్ అనుకోకండి, మా జట్టుకు పదిహేను మంది పోగవడమే సగం గెలుపు. నేను ప్రాప్. అంటే స్క్రమ్‌లో (రెండు జట్లూ తలలు దూర్చి తోసుకునే గుంపు) ముందు వరసలో వంగి, తల దూర్చి, అవతలివాడి మెడతో మెడ రాసుకునే పని. ఎడమ చెవి ఎప్పుడో ముడుచుకుపోయి పిండివడియంలా తయారైంది. రెండేళ్ల కిందట మోకాలు పోయి ఆరు వారాలు మంచం మీదున్నా. అప్పుడు పట్టింది ఈ పిచ్చి: అసలు ఈ ఆట ఎలా మొదలైంది?

అందరూ చెప్పే కథ తెలుసుగా. 1823లో ఇంగ్లండ్‌లో రగ్బీ అనే ఊళ్లో (అవును, అది ఊరి పేరు, ఆ ఊరి బడి వల్ల ఆటకు వచ్చింది) విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ, రూల్స్ గాలికొదిలేసి, బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తాడు. అదే రగ్బీ. బడిలో 1900లో రాతిపలక పెట్టారు. ప్రపంచ కప్పు పేరే వెబ్ ఎల్లిస్ కప్పు.

ఇప్పుడు సాక్ష్యం చూడండి. ఈ కథ మొదటిసారి అచ్చయింది 1876లో, ఆ బడి పత్రిక 'మీటియర్'లో. జరిగిందంటున్న యాభై ఏళ్ల తర్వాత. రాసినాయన మాథ్యూ బ్లాక్సమ్, ఆ ఊరి పాత సంగతులు పోగుచేసే పెద్దమనిషి. అక్కడే చదివాడు గానీ 1823 నాటికి బడి వదిలేశాడు. అంటే చూడలేదు. ఎవరు చెప్పారో రాయలేదు. మొదటి ఉత్తరంలో 1824 అన్నాడు, 1880లో రాసిన రెండోదానిలో 1823 అని దిద్దుకున్నాడు. పోనీ ఎల్లిస్‌నే అడుగుదామంటే, చర్చి పాస్టరుగా బతికిన ఆయన 1872లోనే ఫ్రాన్స్‌లో పోయాడు. తనవల్ల ఒక ఆట పుట్టిందని ఆయనకు చెప్పినవాళ్లే లేరు. మాంటన్ అనే ఊళ్లో ఆయన సమాధిని వెతికి పట్టుకుంది కూడా 1950ల చివర్లోనే.

రాయేమో గట్టిది, సాక్ష్యమేమో ఇదీ. నాకొక్కడికేనా నవ్వొస్తోంది?


పదో_నంబర్
శనివారం, రాత్రి 10:31

బ్రదర్, రగ్బీ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేదేగా?


బురద_జెర్సీ
శనివారం, రాత్రి 10:33

అది అమెరికన్ ఫుట్‌బాల్. మాకు హెల్మెట్లు ఉండవు. అందుకే చెవులూ ఉండవు.


ఓరుగల్లు_రాజు
శనివారం, రాత్రి 11:05

అన్నా, ముచ్చట మంచిగుంది గని ఒక్కటి సమజ్ గాలే. ఎవ్వలు చూడకపోతే మరి గంత పెద్ద రాయి ఎట్ల పెట్టిన్రు? ఎంక్వైరీ లేదా ఏం లేదా?


బురద_జెర్సీ
శనివారం, రాత్రి 11:48

రాజన్నా, అసలు మజా అక్కడే ఉంది. ఎంక్వైరీ జరిగింది. ఆ బడి పాత విద్యార్థుల సంఘం 1895లో కమిటీ వేసింది, 1897లో రిపోర్టు ఇచ్చింది. బతికున్న ముసలాళ్లందరికీ ఉత్తరాలు రాశారు. ఎల్లిస్ పరిగెత్తుతుంటే చూశానన్నవాడు ఒక్కడూ తగల్లేదు. థామస్ హారిస్ అనే ఆయన మాత్రం, ఎల్లిస్‌కి ఆటలో అడ్డదారి లాభం తీసుకునే బుద్ధి ఉందని అప్పట్లో అనుకునేవాళ్లమన్నాడు. మన భాషలో చెప్పాలంటే తొండి ఆట ఆడేవాడు. పైగా తన రోజుల్లో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం కూడదన్నాడు.

నాకు బాగా నచ్చిన సాక్షి థామస్ హ్యూస్. 'టామ్ బ్రౌన్' నవల రాసినాయన. 1834లో బడిలో చేరాడు. ఆయన చెప్పిందేమిటంటే: అప్పటికి బంతితో పరిగెత్తడం పూర్తిగా నిషేధం కాదు, కానీ అలా పరిగెత్తే కుర్రాడు ఎవరి చేతిలోనో చచ్చుంటే, ఆనాటి పిల్లల జ్యూరీ 'ఈ హత్య న్యాయమే' అని తీర్పిచ్చేది!

అంటే 1823లో ఎవడో పరిగెత్తగానే అందరూ చప్పట్లు కొట్టి కొత్త ఆట మొదలెట్టలేదు. పదేళ్ల తర్వాత కూడా తన్నులు తినే పనే అది. 1838, 39 ప్రాంతంలో జెమ్ మాకీ అనే బలమైన కుర్రాడు అదేపనిగా పరిగెత్తి, ఎవరికీ చిక్కక, దానికి మర్యాద తెచ్చాడు. 1841–42లో పిల్లలే కూర్చుని సరేనన్నారు. 1845లో రూల్స్ కాగితం మీదికెక్కాయి. నన్నడిగితే రాయి మీద ఉండాల్సిన పేరు మాకీది. పాపం ఆయన పేరున కప్పు లేదు, రాయి లేదు.

మరి ఎల్లిస్‌నే ఎందుకు ఎత్తుకున్నారు? 1895 అనే ఏడాది గమనించండి. ఆ ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోతుంది, ఆ కూలి డబ్బులు ఇమ్మన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. అదే తర్వాత పదముగ్గురి రగ్బీ లీగ్ అయింది. ఆట కూలోళ్ల చేతికి జారిపోతున్న ఏడాదే, 'ఇది మా బడిలో, మా పిల్లాడి కాళ్ల కింద పుట్టిన ఆట' అని కమిటీ కూర్చుంది. ఇందులో కుట్ర ఉందని నేననను. కానీ అవసరం మాత్రం ఉంది.


కన్నెమరా_కాకి
ఆదివారం, ఉదయం 6:20

చాలా రోజులకు ఇక్కడ చదవదగ్గది కనిపించింది. నేను లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని, ఆటల గురించి ఓనమాలు తెలియవు. కానీ ఈ జబ్బు నాకు బాగా తెలుసు. మన చాటుపద్యాల సంగతి చూడండి. కాస్త రసికంగా ఉంటే శ్రీనాథుడిది, కొంటెగా ఉంటే తెనాలి రామకృష్ణుడిది. రాసినవాడు పాపం ఏ మూలనో పేరు లేకుండా పోయుంటాడు. కబడ్డీ అభిమన్యుడి పద్మవ్యూహంలోంచి పుట్టిందని మా అబ్బాయి స్కూల్లో నేర్పారు. లోపలికెళ్లి తిరిగి రాలేకపోయిన వాడి పేరు ఆ ఆటకు పెట్టడమేమిటో!

బాబూ, మీరు బ్లాక్సమ్ గారి మీద మరీ కోప్పడకండి. ఆయన కనీసం సంతకం పెట్టి రాశాడు. అందుకే మీరివాళ తప్పు పట్టగలుగుతున్నారు.


గోదారి_వకీలు
ఆదివారం, ఉదయం 9:02

మా వృత్తిలో దీన్ని వినికిడి సాక్ష్యం అంటాం. ఎల్లిస్ పోయిన 1872లోనే మన దేశంలో సాక్ష్య చట్టం వచ్చింది. సెక్షన్ 60: చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి. బ్లాక్సమ్ గారిని బోనెక్కిస్తే రెండు నిమిషాల్లో దింపేస్తారు. ఇప్పుడు చట్టం పేరు మారింది గానీ సూత్రం అదే.

అన్నట్టు ఈ ఆటకు రూల్స్ రాసింది లాయర్లేనని ఎక్కడో విన్నాను. ఇదీ వినికిడేనా?


బురద_జెర్సీ
ఆదివారం, మధ్యాహ్నం 1:15

కాకి గారూ, మీ మాట తల మీద మొట్టికాయలా పడింది. నిజమే, సంతకం ఉంది కాబట్టే దొరికాడు.

వకీలు గారూ, ఇది గట్టి సంగతే. 1871 జనవరి 26న లండన్‌లో పాల్‌మాల్ రెస్టారెంట్లో 21 క్లబ్బుల వాళ్లు కలిసి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టారు. రూల్స్ రాసే పని ముగ్గురికి అప్పజెప్పారు. ముగ్గురూ రగ్బీ బడిలో చదివినవాళ్లే, ముగ్గురూ లాయర్లే. అందుకే క్రికెట్‌కు లాగానే మాకూ రూల్స్‌ను 'లాస్' (చట్టాలు) అంటారు. అందులో మేటన్ అనే ఆయన ఆటలో కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. మిగతా ఇద్దరూ, 'ఎలాగూ కదల్లేవు కదా, నువ్వే రాయి, పొగాకు మేం పంపిస్తాం' అన్నారట. జూన్ కల్లా 59 రూల్స్ తయారు. మోకాలు పోయి మంచాన పడ్డవాణ్ని కాబట్టి ఆయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. నాకెవరూ పొగాకు పంపలేదు, మా ఆవిడ రాగిజావ పంపింది.

ఆ మీటింగుకు రావాల్సిన వాస్ప్స్ క్లబ్బు మనిషి దారి తప్పి వేరే చోటికి పోయి, అక్కడే తాగుతూ కూర్చున్నాడని చెప్పుకుంటారు. అందుకే స్థాపక క్లబ్బుల్లో వాళ్ల పేరు లేదు. రాలేదన్నది మాత్రం పక్కా. తాగాడన్నది చెప్పుకునే మాట.

రెండు నెలలకే, 1871 మార్చి 27న ఎడిన్‌బరోలో మొదటి అంతర్జాతీయ ఆట. జట్టుకు ఇరవై మంది. స్కాట్లండ్ గెలిచింది.


పదో_నంబర్
ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఎన్ని పాయింట్లతో?


బురద_జెర్సీ
ఆదివారం, మధ్యాహ్నం 2:04

పాయింట్లు లేవు! స్కాట్లండ్‌కు ఒక గోలు, ఒక ట్రై. ఇంగ్లండ్‌కు ఒక ట్రై. ఇప్పుడు ట్రై అంటే 5 పాయింట్లు. అప్పట్లో సున్నా. 'ట్రై' అనే మాటే అందుకు వచ్చింది. బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే వచ్చే బహుమానం ఒక్కటే: గోలుకు తన్ని చూసుకునే అవకాశం. 'ఒక ప్రయత్నం చేసుకో పో' అన్నట్టు. తన్నింది కమ్మీ పైనుంచి వెళ్తేనే లెక్క. 1886లో ట్రైకి 1 పాయింటు ఇచ్చారు. తర్వాత 3, 1971లో 4, 1992లో 5 అయింది. గుమ్మం దగ్గర నిలబడ్డవాడు చివరికి ఇంటి యజమాని అయినట్టు.


నెల్లూరు_తులం
ఆదివారం, సాయంత్రం 5:30

అబ్బయ్యా, ఇదంతా దొరల దేశం కథ. మన దేశంలో ఏమన్నా జరిగిందా లేదా?


బురద_జెర్సీ
ఆదివారం, రాత్రి 9:50

జరగడమా! ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా ఇష్టమైన వస్తువు మన దేశంలోదే.

1872 క్రిస్మస్ రోజు, కలకత్తా. ఒకవైపు ఇంగ్లండ్ వాళ్లు ఇరవై మంది, ఇంకోవైపు స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఇరవై మంది. ఆట ఎంత నచ్చిందంటే వారంలోపే మళ్లీ ఆడారు. 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టేశారు. మరుసటి ఏడాది లండన్ యూనియన్లో చేరారు. మొదట్లో సభ్యులు బాగానే పోగయ్యారు, ఎందుకంటే క్లబ్బులో మందు ఉచితం. ఉచితం ఆపారు, సభ్యులూ ఆగిపోయారు. పటాలం బదిలీ అయింది. ఆ ఎండకు టెన్నిస్, పోలో హాయనిపించాయి.

ఇంకొకరైతే మిగిలిన డబ్బుతో పెద్ద విందు పెట్టుకుని తాళం వేసేవాళ్లు. క్లబ్బు కార్యదర్శి, కోశాధికారి, కెప్టెన్ అన్నీ తానే అయిన రోత్నీ అనే ఆయన 1877 డిసెంబర్‌లో లండన్‌కు ఉత్తరం రాశాడు: ఈ డబ్బుతో మన దేశపు పనితనంతో ఒక కప్పు చేయించి ఇస్తాం, ఏటా ఆడే ఆటకు పెట్టుకోండి అని. బ్యాంకులోంచి 270 వెండి రూపాయలు తీశారు. కరిగించారు. కప్పు చేయించారు. మూడు పిడులు, మూడూ పడగెత్తిన నాగుపాములు. మూత మీద అంబారీ ఏనుగు. 1879 నుంచి ఇప్పటిదాకా ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆ కప్పు కోసమే కొట్టుకుంటున్నాయి. అదే కలకత్తా కప్పు. క్లబ్బు అయిదారేళ్లు బతికింది, దాని చిల్లర మాత్రం ఇంకా బతుకుతోంది.

1988లో ఎడిన్‌బరోలో ఆట అయ్యాక ఇద్దరు ఆటగాళ్లు తాగిన మత్తులో దాన్ని వీధిలో బంతిలా ఆడి సొట్టలు పెట్టారు. ఇద్దరి మీదా నిషేధం పడింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా కోపమొచ్చింది. మన వెండి కదా.

కొసరు: ఆ రోత్నీకి ఇంకో పిచ్చి కూడా ఉంది, చీమలు. కలకత్తా చుట్టుపక్కల చీమల మీద పరిశోధన చేసి వ్యాసాలు రాశాడు. కొన్ని చీమలకు ఆయన పేరే పెట్టారు.


నెల్లూరు_తులం
ఆదివారం, రాత్రి 10:25

మాది నగల పని ఇల్లు. మా నాయన పాత రూపాయలతోనే తూకం వేసేవాడు. ఆ రోజుల్లో వెండి రూపాయి బరువే తులం, 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. 270 రూపాయలంటే 270 తులాలు. దగ్గర దగ్గర 3 కిలోల 150 గ్రాములు. రూపాయిలో పన్నెండింట పదకొండు పాళ్లే వెండి, మిగతాది కలుపు. కలుపు తీసేస్తే 2 కిలోల 880 చిల్లర. కరిగిస్తే తరుగు ఎటూ పోతుంది.

పాము పిడులు వేయడం తేలిక పని కాదు. విడిగా పోతపోసి, చెక్కి, టంకం పెట్టాలి. పడగ దగ్గర సన్నం, మెడ దగ్గర బరువు, టంకం సరిగా పట్టకపోతే ఎత్తినప్పుడు పిడి చేతికొస్తుంది. ఆ కంసాలి పేరెక్కడైనా ఉందా?


బురద_జెర్సీ
ఆదివారం, రాత్రి 10:41

తులం బాబాయ్, నేనింతకాలం ఆ 270 అనే అంకె చదువుతూనే ఉన్నా, తూకం వేయాలని తట్టలేదు. కప్పు మీద చెక్కిన అక్షరాల్లో ఇచ్చిన క్లబ్బు పేరుంది, పుచ్చుకున్న యూనియన్ పేరుంది, 1878 అనే ఏడాది ఉంది. చేసినవాడి పేరు లేదు.


కన్నెమరా_కాకి
సోమవారం, ఉదయం 6:05

చాటుపద్యం.


ఓరుగల్లు_రాజు
సోమవారం, మధ్యాహ్నం 12:50

అన్నా, బంతి గుడ్డు లెక్క ఎందుకుంటది? మా పోరగాడు అడుగుతుండు.


బురద_జెర్సీ
సోమవారం, రాత్రి 8:30

పంది వల్ల. మీ అబ్బాయికి ఇది నచ్చుతుంది. రగ్బీ బడి గేటుకు ఎదురుగా రిచర్డ్ లిండన్ అనే ఆయన చెప్పుల కొట్టు ఉండేది. ఆ ఊళ్లోనే గిల్బర్ట్ అని ఇంకో చెప్పులాయన. బూట్లతో పాటు పిల్లలకు బంతులూ కుట్టేవాళ్లు. పంది మూత్రపు తిత్తిని ఊది, దాని మీద తోలు తొడిగి, తాడుతో బిగించేవాళ్లు. తిత్తి ఆకారమే బంతి ఆకారం. ఊదడం నోటితోనే, పచ్చి తిత్తిని. లిండన్ ఇంట్లో ఆ పని భార్యది. జబ్బు పంది తిత్తులు ఊదీ ఊదీ ఊపిరితిత్తులు పాడై పోయిందని చెబుతారు. 1860ల్లో లిండన్ రబ్బరు తిత్తి పెట్టాడు. రబ్బరు నోటితో ఊదితే లొంగలేదు, అందుకని చెవి కడిగే పిచికారీని చూసి ఇత్తడితో పెద్ద పంపు చేశాడు. దేనికీ పేటెంటు తీసుకోలేదు.

ఇంకొకటి చెప్పి ఊరుకుంటా. 1845లో మొదటి రూల్స్ రాసింది ముగ్గురు పిల్లలు. అందులో ఒకడు విలియం డెలాఫీల్డ్ ఆర్నాల్డ్, ఆ బడి పాత హెడ్‌మాస్టర్ కొడుకు. పెద్దయ్యాక మన దేశం వచ్చి పంజాబ్‌లో విద్యాశాఖ డైరెక్టర్ అయ్యాడు. 1859లో ఇంటికి తిరిగెళ్తూ జిబ్రాల్టర్‌లో చనిపోయాడు. రగ్బీ రూల్స్ మొదటిసారి రాసిన చెయ్యి తర్వాత లాహోరులో బడుల ఫైళ్ల మీద సంతకాలు పెట్టిందన్నమాట.


పదో_నంబర్
సోమవారం, రాత్రి 8:52

ఒప్పుకుంటున్నా, నేను కూడా చదువుతున్నా. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మన చెన్నై బుల్సే కొట్టారు కదా?


బురద_జెర్సీ
సోమవారం, రాత్రి 8:59

కొట్టారు. కానీ అది సెవెన్స్, జట్టుకు ఏడుగురే. అది 1883లో స్కాట్లండ్‌లో మెల్రోజ్ అనే ఊళ్లో మొదలైంది. మాంసం కొట్టులో పనిచేసే నెడ్ హేగ్ అనే ఆయన క్లబ్బు ఖర్చులకు డబ్బు కావాలని పెట్టించిన పోటీ. దీనికి సాక్షులు బోలెడుమంది.


ఓరుగల్లు_రాజు
సోమవారం, రాత్రి 9:10

మద్రాసుల ఎప్పుడు సురువైందో నువ్వే తేల్చాలె అన్నా.


బురద_జెర్సీ
మంగళవారం, రాత్రి 11:20

ఆ ప్రయత్నమే చేస్తున్నా. 'మద్రాస్ మెయిల్' పత్రిక 1868 నుంచి ఉంది, 'హిందూ' 1878 నుంచి. ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర జింఖానా క్లబ్బు 1884లో పెట్టారు. సెలవు పెట్టుకుని వెళ్లి పాత పేపర్లు తిరగేస్తున్నా. అసలు చిక్కు ఏంటంటే ఆ రోజుల్లో పేపర్లో 'ఫుట్‌బాల్' అనే రాస్తారు. కలకత్తా క్లబ్బు పేరు చూడండి, అదీ ఫుట్‌బాల్ క్లబ్బే. అందుకని వార్తంతా చదివి, లోపల 'టచ్ డౌన్', 'ట్రై', 'స్క్రమ్మేజ్' ఇలాంటి మాట పడిందా అని చూడాలి. జట్టుకు ఇరవై మంది అని ఉంటే ఇంకా మంచిది. ఒక పేజీ తిరగేస్తే అంచు అప్పడంలా విరిగి ఒళ్లో పడింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నా, ఏదో తప్పు చేసినట్టు.


కన్నెమరా_కాకి
బుధవారం, ఉదయం 6:10

అసలు పేపరు ముట్టుకునే ముందు మైక్రోఫిల్మ్ ఉందేమో అడగండి. పెన్ను తీసుకెళ్లొద్దు, పెన్సిలే. ఫోన్‌తో ఫోటో తీయాలంటే ముందు అనుమతి కాగితం రాయండి. కన్నెమరా లైబ్రరీలో చూశాక ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కు వెళ్లండి. కాలేజ్ రోడ్డులో మద్రాస్ లిటరరీ సొసైటీ ఉంది, 1812 నాటిది, దాన్ని మరవకండి. ఆటల వార్త కోసం ఆటల పేజీ వెతకొద్దు, అప్పట్లో ఉండేది కాదు. ఓడల రాకపోకలు, పటాలాల బదిలీల పక్కన చూడండి. ఆడింది ఆ పటాలాలే కదా.

ఏ పేజీ చూసి ఏమీ దొరకలేదో అది కూడా రాసిపెట్టుకోండి. లేకపోతే మూడు నెలల తర్వాత అదే పేజీ మళ్లీ తిరగేస్తారు. నేను చేశాను.


వ్యాసర్పాడి_వాసు
బుధవారం, రాత్రి 9:44

అన్నా వణక్కం. నేను ఇక్కడే పుట్టిన తెలుగోణ్ని, రాయడం కొంచెం తప్పులు ఉంటాయి. ఊరికే చదివి పోదాం అనుకున్నా, కానీ ఇత్తడి పంపు అన్నావు చూడు, అక్కడ ఆగిపోయినా.

మా తాత నెల్లూరు పక్కనుంచి వచ్చి, వెళ్లకారుల (తెల్లదొరల) కాలంలో ఐలాండ్ దిక్కున ఏదో క్లబ్బు గ్రౌండులో పని చేసినాడు. గడ్డి కోసేది, సున్నంతో గీతలు గీసేది. మా నాయన చెప్పేవాడు, తాత 'గుడ్డు బంతి ఆట' అనేవాడంట. వాన పడితే ఆట ఆపరంట, వాన పడితేనే మొదలుపెడతారంట. ఇంట్లో ఒక ఇత్తడి పంపు ఉంది. చిన్నప్పుడు దాంట్లో రంగు నీళ్లు పోసి కొట్టుకునేవాళ్లం. నాయనమ్మ ఇంకా ఉంది, తొంభై దాటింది, చెవి కొంచెం మందం.


బురద_జెర్సీ
బుధవారం, రాత్రి 9:46

వాసూ!!! ఆ పంపు ఎవరికీ ఇవ్వకు. తోమకు. ఆదివారం రావచ్చా?


గోదారి_వకీలు
బుధవారం, రాత్రి 9:58

బురద గారూ, తాత చెప్పాడని నాన్న, నాన్న చెప్పాడని వాసు. సెక్షన్ 60 గుర్తుందా?


బురద_జెర్సీ
బుధవారం, రాత్రి 10:03

గుర్తుంది సార్. అందుకే నాయనమ్మ దగ్గరికి వెళ్తున్నా.


బురద_జెర్సీ
ఆదివారం, రాత్రి 10:37

వెళ్లొచ్చా. జరిగింది జరిగినట్టు రాస్తా.

మొదట పంపు. మూర పొడవు, ఇత్తడి, లోపల తోలు వాషరు ఎండి చెక్కలా ఉంది. తయారీ పేరు లేదు. ముక్కు చూడగానే నాకు గుండె జారింది. బంతి తిత్తి గొట్టంలో దూరాలంటే సన్నగా ఉండాలి. దీనికేమో చివర జల్లెడలా ఏడు చిల్లులు. లెక్కపెట్టా. అది మొక్కలకు మందు కొట్టే పిచికారీ. తోటపని చేసినాయన ఇంట్లో తోటపని సామాను ఉంది, అంతే. వారం రోజులు లిండన్ పంపు కలలో కూడా వచ్చింది నాకు.

వాసు మొహం చూసి, పర్లేదులే అని టీ తాగుతున్నాం. నాయనమ్మ అప్పటిదాకా నా చెవినే చూస్తోంది. "ఏంది నాయనా, చెవికేమైంది?" అంది. ఆటలో నలిగిందవ్వా అని గట్టిగా చెప్పా. "వాళ్లకీ అట్టనే ఉండేవంట," అంది. ఎవరికి అని అడిగా. "దొరలకి. మీ తాత చెప్పేవోడు. తలకాయలు తలకాయలు పెట్టి ఎద్దులు మాదిరి తోసుకుంటారు, చెవులు చితికిపోతాయి, పిచ్చి నాయాళ్లు అని."

అన్నం పెట్టే మనిషిలా నెమ్మదిగా లేచి, వంటింటి కిటికీలోంచి ఒక దబ్బనం తెచ్చి నా చేతిలో పెట్టింది. చెక్క పిడి, జానెడు కూడా లేదు. మొన కొంచెం వంపు, మొన దగ్గరే కన్ను, దారం కాదు, తోలు తాడు దూరేంత వెడల్పు. పిడి ఒకవైపు బొటనవేలు ఆనే చోట అరిగి గుంట పడింది. నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది. "ఇది బంతి కుట్టేది," అంది. బంతి అనే మాట అప్పటిదాకా నేను ఎత్తలేదు, వాసు ఎత్తలేదు. ఆమే అంది. పాత తోలు బంతులకు తిత్తి దూర్చాక నోరు తోలు తాడుతో బిగించాలి, దానికి ఇలాంటిదే వాడేవాళ్లు.

ఇక్కడ నేనొక వెధవ పని చేశా. ఆత్రం ఆపుకోలేక, "గుండ్రటి బంతా అవ్వా, కోడిగుడ్డు బంతా?" అని అడిగేశా. అడిగిన క్షణానే నాలుక కరుచుకున్నా. సాక్షి నోట్లో జవాబు పెట్టినట్టయింది. అవ్వ నా వంక ఎగాదిగా చూసి, "బంతి బంతే గదయ్యా," అంది.

కాబట్టి నా నోటుబుక్కులో ఇలా రాసుకున్నా. దబ్బనం: బంతి కుట్టేదని నాయనమ్మ మాట, అడగకుండా చెప్పింది. ఏ బంతో తేలలేదు, ఫుట్‌బాల్‌కూ తాడు బిగింపే. చెవుల సంగతి: తాత చెప్పగా నాయనమ్మ విన్నది, ఆట కళ్లారా చూడలేదు. వాన సంగతి: తాత చెప్పగా నాన్న, నాన్న చెప్పగా వాసు. కింద తేదీ, నా సంతకం.


గోదారి_వకీలు
ఆదివారం, రాత్రి 10:50

బ్లాక్సమ్ కంటే నయం. చెవుల సాక్ష్యం మాత్రం నేను ఒప్పుకుంటా. ఫుట్‌బాల్ ఆడినవాడికి చెవులు చితకవు.


కన్నెమరా_కాకి
సోమవారం, ఉదయం 6:02

'పిచ్చి నాయాళ్లు' అన్న మాట నోటుబుక్కులో రాశారా? మర్యాద కోసం వదిలేసి ఉంటే, వెనక్కి చేర్చండి.


బురద_జెర్సీ
సోమవారం, ఉదయం 8:15

వదిలేశా అమ్మా. ఇప్పుడే చేర్చా.


వ్యాసర్పాడి_వాసు
సోమవారం, రాత్రి 7:30

అన్నా, నాయనమ్మ అడుగుతా ఉంది. ఫోటో తీసినాక దబ్బనం ఏడ పెట్టినావు? బియ్యం మూట కుట్టాలంట.


బురద_జెర్సీ
సోమవారం, రాత్రి 7:32

కిటికీలోనే, పిచికారీ వెనకాల. వాసూ, మూట కుట్టేలోపు ఆ కన్ను వెడల్పు ఎంతో స్కేలు పెట్టి కొలిచి పంపవా ప్లీజ్, నేను మర్చిపోయా.